పదమూడో బాయి కాడ

మా మామగారి లోకంలో వీధులు లేవు, బాయిలే ఉన్నాయి. ఇక్కడివాళ్ళు బొగ్గు గనిని బాయి అంటారు. పెళ్ళయి గోదావరిఖని వచ్చిన కొత్తలో కూరగాయల అంగడి ఎక్కడని అడిగితే "మూడో బాయి దాటినంక" అన్నారు. ఆ గని మూతపడి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. నేను జ్యోతినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్లలో పెరిగిన కోస్తా ఇంజనీరు గారి అమ్మాయిని, పైగా లెక్కల టీచర్ని. ఇదేం అడ్రసని మొదటి రోజు నుంచీ సణుగుతూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని మంచిర్యాల దారిలో ఉన్న జైపూర్‌లో చుట్టాలింటికి బయల్దేరాను. పెద్ద రోడ్డెక్కి కిలోమీటరు కూడా పోలేదు, బూడిద లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. ఆయన గడ్డిలో పడి, లేచి దులుపుకున్నారు. నేను లేవలేకపోయాను. కుడి తొడ ఎముక విరిగింది, నెత్తురు ఆగడం లేదు. జనం చేరారు. మంచివాళ్ళే పాపం, తలా ఒక చెయ్యి వేసి నన్ను ఆటోలో పడేద్దామనుకున్నారు.

"ఎవ్వలు లేపొద్దు," అన్నారు మామగారు. "కాలు కదిలిందంటే లోపల నరం తెగుతది."

గనిలో నేర్చుకున్న ప్రథమ చికిత్స ఆయన మరిచిపోలేదు. తువ్వాల మడిచి గాయం మీద పెట్టి ఒక చేత్తో గట్టిగా నొక్కి పట్టారు. రెండో చేత్తో అంబులెన్సుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"ఎక్కడండీ?" అంది అవతలి అమ్మాయి.

"పదమూడో బాయి కాడ."

"బావిలో పడ్డారా? నీళ్ళు ఎంత లోతున్నాయి?"

"నీళ్ళేడివి? బాయి మూసి ఎన్నేండ్లాయె."

"మూసేసిన బావిలో ఎలా పడ్డారండీ?"

"బాయిల ఎవ్వలు పడలే బిడ్డా. మా కోడలు రోడ్డు మీద పడ్డది."

ఇక్కడ నా కాలు పోయేట్టుంది, వీళ్ళేమో నీళ్ళ లోతు కొలుస్తున్నారు. భయం వేసింది, అంతకు మించి కోపం వచ్చింది. పడుకున్నచోటు నుంచే అరిచాను, "పెట్రోల్ బంకు ఎదురుగానండీ, మంచిర్యాల రోడ్డు." ఎంత చక్కగా చెప్పానో అనుకుని కళ్ళు మూసుకున్నాను. మామగారు మాత్రం మళ్ళీ "పదమూడో బాయి కాడ" అంటూనే ఉన్నారు.

అంబులెన్సు వచ్చింది. కాలు కదలకుండా కట్టి, జాగ్రత్తగా ఎక్కించారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పాడు. "రోడ్డు మీద తగిలే దెబ్బ ఒకటి, లేపేటప్పుడు తగిలేది ఇంకొకటి. మీకు రెండోది తగల్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఈ కాలు ఉంటుందని నేను మాటివ్వలేకపోయేవాణ్ణి."

"నడుస్తానా?"

"ఓపిక ఉంటే నడుస్తారు."

ఓపిక నా దగ్గర లేదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

నాలుగో రోజు అంబులెన్సు డ్రైవరు చూడ్డానికి వచ్చాడు. ముందు మామగారినే పలకరించాడు.

"ఆ ఫోనామె నన్ను లైన్ల కలిపినప్పుడు బాయి అన్న మాట ఇనవడ్డది కాకా. మా నాయన గా బాయిలనే చేసిండు. గంతే, బండి తీసిన." తర్వాత నావైపు తిరిగి కాస్త మొహమాటపడ్డాడు. "మధ్యల మీరే అక్కా, బంకు అన్నరు. ఆ రోడ్డు మీద బంకులు మూడున్నయి. ఏ బంకో అడుగుదామని ఆగవోయిన. కాక మళ్ల బాయి అనంగనే సీదా వచ్చేసిన."

మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ మీసం దువ్వుకున్నారు. ఆ మీసం చూస్తే నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. నవ్వితే కాలు నొప్పి.

ఆ తర్వాత నెలల తరబడి ఆయనే నా పక్కన నడిచారు. ఇవాళ గుమ్మం దాకా, రేపు వేపచెట్టు దాకా అంటూ, నేను విసుక్కున్నా వినకుండా. ఒక సాయంత్రం చేతికర్రతో ఆ మూతపడిన గని గేటు దాకా నడిచేశాను. తుప్పు పట్టిన గేటు పట్టుకుని, సంతోషం పట్టలేక విజయవాడలో ఉన్న పిన్నికి ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"ఎక్కడున్నావే?"

"పదమూడో బాయి కాడున్న పిన్నీ. నడిచొచ్చిన."

"బావి దగ్గరా? ఆ కాలుతోనా? లోపలికి తొంగి చూడకే తల్లీ."

మామగారు కడుపు పట్టుకుని నవ్వుతూ అక్కడే కూలబడ్డారు. ఆయన్ను చెయ్యిచ్చి లేపింది నేనే.