లెక్కలో కలిసిన కుక్క

కొత్త యంత్రాలు కనిపెట్టేవారికి నిధులిచ్చే ప్రభుత్వ విభాగానికి నేను అధిపతిగా చేరిన కొత్తలో సంగతి ఇది. గొర్రెలను కెమెరాతో లెక్కపెట్టే యంత్రాన్ని పరీక్షించడానికి మదనపల్లె పక్కనున్న కురబలకోటకు వెళ్లాను. యంత్రం చేసింది పుంగనూరు ఇంజినీరు, మంద ఆ ఊరి గొర్రెల కాపరి మునెప్పది.

"గొర్రెలెన్నప్పా?" అని అడిగాను.

"సెప్పగూడదమ్మా, మందకు దిష్టి తగులుతాది" అన్నాడు మునెప్ప.

ఇతనేదో దాస్తున్నాడేమోనని నాకప్పుడే అనుమానం మొదలైంది.

పొద్దున మంద మేతకు వెళ్లేటప్పుడు యంత్రం అరవై రెండు చూపింది. సాయంత్రం తిరిగొచ్చినప్పుడూ అంతే. ఇంజినీరు ముఖం వెలిగింది. మునెప్ప మాత్రం మందను ఒక్కసారి కలియజూసి, "నల్లచెవిది రాలేదు" అన్నాడు.

"గొర్రెను నువ్వే దాచి, యంత్రం తప్పంటున్నావా?" అని ఊరందరి ముందూ గద్దించాను.

అతను వెళ్లి, ముళ్లకంపలో చిక్కుకున్న గొర్రెను భుజాన వేసుకొచ్చాడు. "యాల దాస్తానమ్మా? దీని మొగం సూడకుంటే నాకు కూడు దిగదు."

సాయంత్రం వీడియో మళ్లీ వేసి చూశాం. అరవై రెండోది, మంద వెనకాలే తోక ఊపుకుంటూ వచ్చిన ఊరకుక్క.

మునెప్పకు అందరి ముందే క్షమాపణ చెప్పాను. అనుమానించే అలవాటు మాత్రం పోలేదు. లెక్కలన్నీ చక్కగా సరిపోయిన ఫైలు వస్తే, సంతకానికి ముందు అందులో కుక్క ఎక్కడుందా అని వెతుకుతాను.