పద్నాలుగు సెకండ్ల అంబలి

మా ఏలియా ఏ పదార్థాన్నైనా ఎన్ని సెకండ్లలో కారుతుందో లెక్క కట్టనిదే నోట్లో పెట్టుకునేవాడు కాదు.

నాచారంలో మేం పనిచేసిన గాజుసీసాల ఫ్యాక్టరీలో అతను ల్యాబ్ అసిస్టెంటు, నేను ఫర్నేసు షిఫ్టు ఇన్‌చార్జిని. కరిగిన గాజు మరీ పలచనైతే సీసా కూలబడుతుంది, మరీ చిక్కనైతే అచ్చులోకి దిగదు. ఇసుక, సోడా, సున్నపురాయి ఎంతెంత కలిపారో చెబితే చాలు, ఏ వేడి దగ్గర గాజు ఎంత చిక్కగా ఉంటుందో ఏలియా ఒక సమీకరణంతో ముందే చెప్పేసేవాడు. అందులో మూడు స్థిరాంకాలు. ఆ మూడూ దొరికితే ప్రపంచం చేతికి చిక్కినట్టేనని అతని నమ్మకం.

"సూసి జెప్పుడు గొప్పగాదు సార్. సూడకముందుకే జెప్పాలె" అనేవాడు.

ఆ పిచ్చి గాజు దగ్గర ఆగితే బాగుండేది. అతని జేబులో అడుగున చిల్లున్న ఇత్తడి గిన్నె, మెడలో స్టాప్‌వాచి ఎప్పుడూ ఉండేవి. ఉప్పల్ చౌరస్తా హోటల్లో చాయ్ రాగానే ముందు కాగితం మీద ఒక అంకె వేసేవాడు. తర్వాత చాయ్ గిన్నెలో పోసి కారనిచ్చేవాడు.

"పది అనుకున్న, తొమ్మిదే వచ్చింది. పాలల్ల నీళ్లు గలిసినయ్."

"తాగు ఏలియా, చల్లారిపోతుంది."

"సల్లారితే జర చిక్కనైతది సార్. మళ్ల లెక్కెయ్యాలె."

రామంతాపూర్‌లో ఒక పెళ్లి భోజనాల దగ్గర పప్పుచారు వడ్డించేవాణ్ని ఆపేశాడు. బంతి మొత్తం అన్నం ముందు పెట్టుకుని గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. "పదమూడు" అని అతను ప్రకటించాక పెళ్లికొడుకు మేనమామ వినయంగా, "ఇగ తినొచ్చా సార్?" అని అడిగాడు. ఆ మాట ఫ్యాక్టరీకి పాకింది. క్యాంటీన్లో ఏలియా కనబడితే చాలు, ముద్ద చేత్తో పట్టుకుని అందరూ "ఇగ తినొచ్చా?" అనేవారు.

నేనూ నవ్వేవాణ్ని. నవ్వుతో సరిపెట్టుకోలేదు, అదే నా బాధ. ఆ గిన్నెను అతని చేతిలోంచి లాగేయించింది నేనే.

తొంభై ఒకటి ఎండాకాలం. సోడా కొత్త లోడు వచ్చింది. ఫర్నేసు ఎంత వేడి మీద ఉంచాలో ల్యాబ్ నుంచి చీటీ రావాలి. అరగంటైనా రాలేదు. వెతుక్కుంటూ వెళితే ఏలియా క్యాంటీన్ వంటింట్లో, వంటమనిషి సాలమ్మ పక్కన గొంతుక్కూర్చుని రాగి అంబలి కారుస్తున్నాడు.

"ఏంటిది ఏలియా? అక్కడ పని ఆగిపోయింది."

"ఒక్క నిమిషం సార్. పదహారొచ్చింది, పద్నాలుగు గావాలె."

సాలమ్మ ఏదో చెప్పబోయింది. ఏలియా వద్దన్నట్టు తల ఊపాడు. నాకు ఒళ్లు మండి, మేనేజరు రామ్మోహనరావుగారికి ఫిర్యాదు రాసిచ్చాను. కంపెనీ గిన్నె, కంపెనీ వాచీ, కంపెనీ టైము అన్నీ అంబలిపాలు అని రాశాను. వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. మర్నాడే ఏలియాను ఇసుక యార్డుకు మార్చి, గిన్నె, వాచీ నా బీరువాలో పెట్టించారు.

"మంచిది సార్" అని వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత సాలమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త మొగిలయ్య మా ఫర్నేసు మనిషే. పక్షవాతం వచ్చి ఇంటిపట్టున ఉన్నాడు. కోలుకుంటున్నాడనే అందరం అనుకుంటున్నాం.

"సార్, గా సిల్లుగిన్నె జర ఇస్తరా? మళ్ల తెచ్చిస్త."

"ఎందుకమ్మా?"

"మా ఆయనకు గుటక వడ్తలేదు సార్. పల్చగుంటే పొరబోతది, చిక్కగుంటే గొంతుల ఆగుతది. పొయ్యి మీద మంచిగనే ఉంటది, ఇంటికి తీస్కవోయేసరికి గడ్డైతది. ఎంత పిండికి ఎన్ని నీళ్లు, ఎప్పుడు దించాలె అని ఏలియన్న లెక్కగట్టిచ్చిండు. పద్నాలుగొస్తే సక్కగ దిగుతుండె. ఇప్పుడు పిండి మారింది. మొన్న పొరబోతే దవాఖానల రెండు దినాలున్నం."

"ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"మా ఆయనే వద్దన్నడు. ఫర్నేసు కాడ నిలవడ్డ మనిషి, నీళ్లు గూడ తాగనీకొస్తలేదని నలుగురికి తెల్వద్దని."

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

గిన్నె, వాచీ పట్టుకుని మండుటెండలో ఇసుక యార్డుకు వెళ్లాను. ఏలియా గుప్పిట్లోంచి ఇసుక కారుస్తూ నోటితోనే అంకెలు లెక్కపెడుతున్నాడు.

"తప్పయింది ఏలియా" అన్నాను.

అతను జేబులోంచి మడత కాగితం తీసిచ్చాడు. అదే పాత సమీకరణం. స్థిరాంకాల చోట కోపం, పొగరు, సిగ్గు అని రాసి ఉంది. కింద పద్దెనిమిది అని అంకె.

"ఏంటిది?"

"మీరు కరిగి నా కాడికొచ్చేటందుకు ఎన్ని దినాలు వడ్తదో లెక్కేసిన సార్. ఇయ్యాల ఇరవయ్యొకటి. పొగరు కాడ జర తక్కువేసినట్టున్న."

అతన్ని తిరిగి ల్యాబులో వేయించాలని చాలా తిరిగాను. రాసిచ్చిన ఫిర్యాదు నోటిమాటతో చెరగదన్నారు రామ్మోహనరావుగారు. ఏలియా ఆ ఇసుక యార్డులోనే రిటైరయ్యాడు.

మొగిలయ్యకు మాత్రం ఆ తర్వాత పొలమారలేదు. పిండి మారినప్పుడల్లా ఏలియా యార్డు నుంచి లెక్క రాసి పంపేవాడు. సాలమ్మ కాచేది. క్యాంటీన్ వంటింట్లో గొంతుక్కూర్చుని, గిన్నె పట్టుకుని సెకండ్లు చూసేవాణ్ని నేనే. వచ్చేపోయే వాళ్లంతా గుమ్మంలో ఆగి, "ఇగ తాగొచ్చా సార్?" అని అడిగేవారు.

పద్నాలుగు వచ్చేదాకా నేను జవాబు చెప్పేవాణ్ని కాదు.