ఛాసిస్ మీద రెండు దెబ్బలు

దయ్యాల కథలు నాకు చెప్పొద్దు. మాది కోడుమూరు దగ్గర పల్లె. మా అవ్వ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఇంట్లో ఎవరైనా దయ్యం మాటెత్తితే "ప్రార్థన తక్కువైనోళ్లకే అవి కనపడేది" అని నోరు మూయించేది. నేను అవ్వకంటే ఒక మెట్టు ఎక్కువ. ప్రార్థన ఎగ్గొట్టిన రోజు కూడా నాకేమీ కనపడలేదు. ముందే చెబుతున్నాను, ఇది చదివాక నన్ను ఏ గాటన కడతారో మీ ఇష్టం.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు చదివాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ తర్వాత పని నేర్చుకోవడానికి కల్లూరులో టిప్పర్లు, ట్రాక్టర్లు బాగుచేసే ఒక షెడ్డులో చేరాను. "ఆడపిల్ల చేతికి గోరింటాకు గానీ గ్రీజేంది" అని మా ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. మా నాయన నవ్వలేదు గానీ ఒక షరతు పెట్టాడు. షెడ్డులో ఏ ప్రమాదం జరిగినా ఆ రోజే సంచి సర్దుకుని ఇంటికి వచ్చేయాలి. సరేనన్నాను. అప్పటి నుంచి వేలు తెగినా నాయనకు తెలియకుండా కట్టు కట్టుకునేదాన్ని.

షెడ్డు నడిపేది హుసేన్ మేస్త్రీ. పని బాగా నేర్పేవాడు, తిట్లు అంతకంటే బాగా నేర్పేవాడు. ఆయన దగ్గర ఒక నియమం ఉంది. ఎవరైనా బండి కింద పనిచేస్తున్నప్పుడు ఇంజను స్టార్ట్ చేయాలన్నా, పైకెత్తిన టిప్పర్ తొట్టి దించాలన్నా, ముందు స్పానరుతో ఛాసిస్ మీద, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం మీద, రెండు దెబ్బలు కొట్టాలి. కింద ఉన్న మనిషి జవాబుగా ఒక దెబ్బ కొట్టి, బయటికి వచ్చి, ముఖం చూపించాలి. అప్పుడే తాళం గానీ, తొట్టి దించే లివరు గానీ ముట్టుకోవాలి. ఈ నియమం ఎందుకొచ్చిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ నమాజుకు పోయాడు. మిగతావాళ్ళు భోజనానికి పోయారు. ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఒంటరిగా ఉన్నాను కాబట్టి గేటుకు లోపల గడియ పెట్టుకున్నాను. రాళ్ళు తోలే టిప్పర్ ఒకటి ఆయిలు కారుతోందని వచ్చింది. తొట్టి పైకెత్తి, కింద తుమ్మదిమ్మ ఆసరా పెట్టి ఉంది. నేను దాని కింద వంగి ఆయిలు పైపు బిగిస్తున్నాను. బండి తాళం మేస్త్రీ జేబులో ఉంది.

టంగ్, టంగ్ అని రెండు దెబ్బలు వినిపించాయి.

అలవాటు కొద్దీ ఒక దెబ్బ తిరిగి కొట్టి బయటికి వచ్చాను. ఎవరూ లేరు. క్యాబిన్ ఖాళీ. గేటు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. నాతోపాటు పని నేర్చుకునే ఖాజా గోడ దూకి వచ్చి ఆటపట్టిస్తున్నాడనుకుని, మేస్త్రీ నేర్పిన తిట్లన్నీ గట్టిగా అప్పజెప్పాను. బయట చూద్దామని గేటు దాకా నడిచాను.

వెనక దభీమని శబ్దం. తొట్టి కిందికి వచ్చేసింది. దిమ్మ నిలువునా చీలిపోయింది. నేను వంగి ఉన్న చోట చెయ్యి దూరే సందు కూడా లేదు. గేటుకు ఆనుకుని కూర్చుండిపోయాను. భయపడ్డాను, దాచడమెందుకు?

మేస్త్రీ రాగానే ఎవరు కొట్టినారని అడిగాను.

"ఈడ ఎవరుండారు బేటీ కొట్టేకి? అందరం బయటనే ఉంటిమి కదా. యాడ కొట్టినట్లు వినపడె?"

చూపించాను. ముందు చక్రం దగ్గర ఛాసిస్ మీద పేరుకున్న దుమ్ము రెండు చోట్ల రాలి ఇనుము కనపడుతోంది. నేను జవాబు కొట్టింది వెనక వైపు. మేస్త్రీ ఆ మచ్చలను వేలితో తడిమి అక్కడే కూలబడ్డాడు.

"మా తమ్ముడు మౌలాలి ఇట్లనే తొట్టి కింద పోయినాడు. వానికి ఎవరూ కొట్టల్యా బేటీ. లివరు మీద చెయ్యి నాదే. ఆ పొద్దు నుంచే ఈ రూలు."

గోరంత మాట కోడుమూరు చేరేసరికి కొండంత అవుతుంది, ఇది ముందే కొండంత. సాయంత్రానికల్లా నాయన షెడ్డుకు వచ్చేశాడు. అంతా విని నా సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"సచ్చినోడే నిన్ను ఈడ ఉండొద్దంటాండాడు పాపా. ఇంగ సాలు, పోదాం పా."

నాకు ఒళ్ళు మండింది. చావు తప్పినందుకు సంతోషించేది పోయి, చచ్చిన మనిషి పేరు చెప్పి కూడా ఆడపిల్లను ఇంటికే తోలాలా?

"నువ్వన్నట్లు ఆయప్పే కొట్టినాడనుకో నాయనా. బండి కింద నుంచి బయటికి రమ్మన్నాడు. ఇంటికి పొమ్మనల్యా."

నాయన చీలిన దిమ్మ దగ్గరికి పోయి వంగి చూశాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఆ కట్టెది పారేసి ఇనుపది పెట్టప్పా" అన్నాడు. సంచి దించి నా చేతికిచ్చాడు.

పని నేర్చుకోవడం అయిపోయింది. ఇప్పుడు అదే షెడ్డులో మెకానిక్‌ని. ఎండకు ఇనుము సాగి టక్కుమంటుంది, నిజమే. చీలే ముందు కట్టె చప్పుడు చేస్తుంది, అదీ నిజమే. కానీ ఇంజను చప్పుడు విని రోగం చెప్పడం నేర్చిన చెవులివి. కట్టె చప్పుడుకీ స్పానరు దెబ్బకీ తేడా తెలియలేదంటే నేను ఒప్పుకోను. అలాగని దయ్యం ఉందని కూడా నా చేత ఎవరూ అనిపించలేరు. ఎవరు కొట్టారో తెలియదు, అంతే.

ఒక్కటే అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆ రోజు కింద నుంచి నేనూ ఒక దెబ్బ కొట్టాను. బయటికి వచ్చి ముఖం చూపించాను. అది ఎవరు చూశారో నాకు ఇప్పటికీ తెలియదు.