కదలని బండికి బ్రేకెందుకు

నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను. ఆ రోజు మా సైన్సు మాస్టారు క్లాసంతటికీ చాక్లెట్లు పంచారని తర్వాత తెలిసింది. కరెంటు పాఠం ఆయన మొదలుపెట్టింది నేను వెళ్ళాకే. అది వినకపోతే ఏమవుతుందో ఇన్నేళ్ళకి ఢిల్లీ పక్కన వైశాలిలో, మా ఫ్లాట్ల కింద పార్కింగులో తెలిసింది.

మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావ, మిలిటరీ మనిషి. కంటోన్మెంటు నుంచి సరిహద్దు వైపు పోస్టింగు పడితే తన హైబ్రిడ్ కారు ఎవరికి అప్పజెప్పాలా అని చూశాడు. నాకివ్వడానికి మనసొప్పలేదు. నేను మెట్రో ఎక్కేవాణ్ణి, సొంతంగా నడిపింది స్కూటీ ఒక్కటే. "ఈయన చూసుకుంటారన్నయ్యా, నాదీ పూచీ" అని మా ఆవిడ మాటిచ్చింది. సెలవు మీద వచ్చినప్పుడు తన కూతుర్ని ఢిల్లీ బేర్ సరాయ్‌లో అద్దె గదిలో దింపాలి, సివిల్స్ కోచింగుకి. అప్పటికి బండి స్టార్టవ్వాలి. తాళం నా చేతిలో పెట్టాడు గానీ చూపు చెల్లెలి మీదే ఉంది.

"దీనికి రెండు బ్యాటరీలు బావా. పెద్దది బండిని నడుపుతుంది, చిన్నది నిద్ర లేపుతుంది. బండి తియ్యకపోతే చిన్నది చచ్చిపోతుంది. అప్పుడు పెద్దది ఉన్నా లేనట్టే."

"అచ్చం మా ఇంట్లో లాగే" అన్నాను.

బావ నవ్వలేదు. వారానికోసారి అరగంట ఆన్ చేసి ఉంచమని, ఎలాగో చేసి చూపించాడు. నేను ఇంకో జోకు కోసం వెతుక్కుంటూ సగమే విన్నాను.

ఆ ఆదివారం నుంచీ పల్లీల పొట్లంతో కార్లో కూర్చునేవాణ్ణి. బటన్ నొక్కితే లైట్లు వెలిగేవి, రేడియో మోగేది. సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటే బ్యాటరీ నిండుతున్నట్టు ఒంటికి తెలిసేది.

"భయ్యా, ఇంజన్ చప్పుడే లేదేంటి?" అని వాచ్‌మన్ హిందీలో అడిగాడు.

"వినపడకపోవడమే హైబ్రిడ్" అన్నాను. ఆ ముక్క నేను ఫ్లాట్లలో అంకుళ్ళందరికీ చెప్పాను. కొందరు చెయ్యి బానెట్ మీద పెట్టి, "వాహ్, వేడి కూడా లేదు" అని మెచ్చుకున్నారు.

ఒక ఆదివారం పాట మధ్యలో రేడియో దానంతటదే ఆగిపోయింది. లైట్లూ పోయాయి. నాకు ఎంత సంతోషమేసిందో. పైకి వెళ్ళి, "ఫుల్ అయిపోయింది. ఇక చాలని అదే ఆపేసుకుంది" అన్నాను. మా ఆవిడ వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి ఆ మాటే గొప్పగా చెప్పింది. ఫుల్ అయిన దాన్ని మళ్ళీ కదపడమెందుకని ఆ తర్వాత నేను కిందికి పోలేదు.

బావ వచ్చాడు, కూతురూ పుస్తకాల అట్టపెట్టెలూ వెంట. రిమోట్ నొక్కితే బండి పలకలేదు. రిమోట్ లోపలే దాచి ఉన్న చిన్న తాళంతో తలుపు తీసి బటన్ నొక్కాడు. ఏమీ లేదు. మా ఆవిడ నా వైపు చూడకుండా అట్టపెట్టెల వైపు చూసింది.

"ఏం చేసేవాడివి బావా?"

చెప్పాను, పల్లీలతో సహా.

"బ్రేకు నొక్కి పట్టుకుని బటన్ నొక్కేవాడివా?"

"నిలబడ్డ బండికి బ్రేకెందుకు బావా?"

బ్రేకు నొక్కకపోతే రేడియోనే వస్తుందట, బండి లేవదట. అంటే వారం వారం నేను ఛార్జి ఎక్కించలేదు, పాటల రూపంలో తాగేశాను. పక్క ఫ్లాటు అంకుల్ తన పాత కారు దగ్గరికి తెచ్చి వైర్లు తగిలించి, "మాది గోల చేస్తుంది, కానీ నడుస్తుంది" అన్నాడు హిందీలో. ఈసారి బ్రేకు తొక్కి బటన్ నొక్కితే 'రెడీ' అని ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఆ అక్షరాలు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

కూతుర్ని దింపి వచ్చి, సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు బావ తాళం చెల్లెలి చేతిలో పెట్టాడు. "పూచీ నీదేగా, మళ్ళీ నీ మాట మీదే వదిలేస్తున్నా" అన్నాడు. మా ఆవిడ మొహం అప్పుడు తేరుకుంది.

తర్వాతి ఆదివారం డ్రైవరు సీట్లో ఆవిడ కూర్చుంది. బ్రేకు నొక్కి బటన్ నొక్కింది. పక్క సీట్లో కూర్చుని, ఇప్పుడు పరవాలేదు కదా అని రేడియో మీదకి చెయ్యి చాపాను. టప్‌మని ఒక్కటి వేసింది.

"అదెందుకు? మీరున్నారుగా, బ్యాటరీ లేకుండానే మోగుతారు."