పెళ్లి వీడియోకి సినిమా మసక

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. ఇప్పుడంటే వయసు వచ్చి, తెలియనివి కూడా కొన్ని ఉన్నాయని ఒప్పుకుంటున్నాను గానీ, డిగ్రీ అయిపోయి గరివిడిలో మా చిన్నమావయ్య స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్న కొత్తల్లో, వీడియో అన్నదాన్ని సరిగ్గా చూడగల కళ్ళు ఆ చుట్టుపక్కల నావొక్కటేనని నా గట్టి నమ్మకం. మావయ్య ఎన్నో ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ వీడియోలు తీస్తున్నాడు. ఆయన లెక్కలో ఎడిటింగ్ అంటే పెళ్ళికూతురు తామరపువ్వులోంచి రావాలి, పెళ్ళికొడుకు గుండె బొమ్మలోంచి తొంగిచూడాలి, మధ్యలో రెండు పావురాలు ఎగరాలి. (ఆ పావురాలు ప్రతి పెళ్ళికీ అవే. చీపురుపల్లి నుంచి రాజాం దాకా అవి వెళ్ళని పెళ్ళి లేదు.) నేను చేరిన వారంలోనే పావురాలకు సెలవిచ్చేశాను. మావయ్య నాకు డైరెక్టరమ్మ అని పేరు పెట్టాడు. వెటకారంగానే పెట్టాడు, నేను బిరుదుగానే పుచ్చుకున్నాను.

నా పిచ్చి ఏమిటంటే, డిజిటల్ వీడియోని ఫిల్ము మీద తీసిన సినిమాలా కనిపించేట్టు చెయ్యడం. ఇంటర్నెట్లో పాఠాలు చూసి నేర్చుకున్నాను. రంగుల్లో నిగనిగ తగ్గించి కాస్త పసుపు వెచ్చదనం ఎక్కించాలి, పాత రీలు మీద ఉండే సన్నటి గరుకు జల్లాలి, పైనా కిందా నల్లపట్టీలు వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనక ఉన్నదంతా మసకైపోవాలి. సినిమాలో చూడండి, హీరోయిన్ మొహం స్పష్టంగా ఉంటుంది, వెనక ఊరంతా మెత్తగా కరిగిపోయి ఉంటుంది. మావయ్య కెమెరాలో మాత్రం పెళ్ళికూతురి ముక్కుపుడక ఎంత స్పష్టమో, వెనక బల్ల మీద కునికే తాతగారూ అంత స్పష్టం. అందుకని పెళ్ళిజంట చుట్టూ కంప్యూటర్లో గీత గీసి, గీతకి అవతల ఉన్న జనాన్నంతా మసక చెయ్యాలి. వాళ్ళు కదిలినప్పుడల్లా గీతను కూడా కదపాలి. మెడలు పట్టేసే పని, కానీ నాకు అదే తపస్సు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఓ బాప్టిస్టు కుటుంబం వాళ్ళ పెళ్ళి. పెళ్ళికూతురి నాన్న అక్కడి ప్లాంటులో ఫోర్‌మన్. మాట్లాడేటప్పుడు అవతలివాడు పక్క వీధిలో ఉన్నట్టు మాట్లాడే మనిషి. "వీడియో సినిమాలాగ ఉండాల" అన్నాడు మావయ్యతో. మావయ్య పావురాల గురించి చెప్పబోతుంటే నేను అడ్డుపడి, మీరు నిశ్చింతగా ఉండండి అని మాటిచ్చేశాను. ఆయన మనసులో సినిమా అంటే పాటలూ రంగులూ. ఆ సంగతి ఆయన్ని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. తెలిసినవాళ్ళం అడుగుతామా ఎక్కడైనా!

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆయనకి పాతపట్నంలో ఓ అక్క ఉంది, మా వైపు మాటలో అప్ప. తల్లి పోతే చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకు పెంచింది ఆవిడే. ఏదో శుభకార్యంలో భోజనాల దగ్గర మాటా మాటా వచ్చి, అక్కాతమ్ముళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. కూతురి పెళ్ళికి ఆయనే స్వయంగా పాతపట్నం వెళ్ళి, గుమ్మంలో కూర్చుని, వస్తానంటే తప్ప లేవనన్నాడట. ఆవిడ వచ్చింది. వచ్చి బల్ల మీద కూర్చోకుండా చర్చి పక్క గుమ్మం దగ్గర సంచీ చంకలో పెట్టుకుని నిలబడి, పెళ్ళి అవగానే భోజనం కూడా చెయ్యకుండా బస్సెక్కేసింది. ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, గుమ్మం వెలుగు నా ఫ్రేముని పాడుచేస్తోందని.

పెళ్ళికూతురు మొదటిసారి పుట్టింటికి వచ్చిన ఆదివారం, చర్చి అయ్యాక వీడియో చూడ్డానికి బంధువులందర్నీ పిలిచారు. పాతపట్నం అక్కని మళ్ళీ బతిమాలి రప్పించారు. మమ్మల్నీ భోజనానికి పిలిస్తే, పొగడ్తలకు సిద్ధపడి ఇస్త్రీ చుడీదార్ వేసుకుని మరీ వెళ్ళాను. వీడియో మొదలైంది. ముందు పెళ్ళికూతురి నాన్న లేచి వెళ్ళి టీవీ వెనక వైరు కదిపాడు. తరవాత భుజం మీది తువ్వాలుతో తెర తుడిచాడు. (నేను జల్లిన గరుకు పోలేదు.) సగం టీవీయే వస్తోందేమిటని ఎవరో అడిగారు. పెళ్ళికూతురి తల్లికి, తాము విశాఖపట్నంలో ఏరి ఏరి కొన్న తెల్లచీర టీలో ముంచి తీసినట్టు కనబడింది. ఆ పైన అసలు గొడవ మొదలైంది. పెళ్ళి వీడియో చూసేవాళ్ళు పెళ్ళిని చూడరు, తమని వెతుక్కుంటారు. వచ్చినవాళ్ళందరూ తెర దగ్గరికి జరిగి జరిగి, ఆ నీలం మరక నేనా, ఈ తెల్లటిది నేనా, కాదు అది గోడ అని వాదించుకోవడం మొదలుపెట్టారు. మావయ్య నా వైపు చూసి, "మనుసుల్ని అలికీసినావేటే గుంటా?" అన్నాడు మెల్లిగా.

పాతపట్నం అక్క మాత్రం ఆఖరిదాకా ఓపిగ్గా చూసింది. అయిపోయాక సంచీ తీసుకుని లేచింది. "నాను వొచ్చినట్టు ఆనవాలు కూడా లేకుండా తీయించీసినావు. ఆ రోజు నా మొకమే సూణ్ణేదు, ఇంక వీడియోలో ఎందుకుంచుతావు? ఇదే ఆకరు, మరి నన్ను పిలవకు" అంది తమ్ముడితో. ఊరు అదిరేలా మాట్లాడే ఆ మనిషి తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. పాపం ఆయనకేం తెలుసు, గీత గీసింది నేను. "నిన్నెవులూ తీసీలేదమ్మా, నానే మసకేసీసినాను. మసక తీసి సూపిస్తాను, బస్సెక్కకు" అన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ, బస్సుకి ఇంకా టైముందని వరండాలో కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకునే.

మావయ్య స్కూటరు మీద స్టూడియోకి పరిగెత్తాం. చేసిన తపస్సంతా పక్కన పెట్టి, చర్చిలో తీసింది తీసినట్టుగా పెన్‌డ్రైవులో వేసుకొచ్చాను. పాట లేదు, పసుపు లేదు. ఫ్యాను చప్పుడు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, పాస్టరుగారి దగ్గు. బల్ల వరసల్లో ఒక్కొక్క మొహమూ కడిగిన గిన్నెలా కనిపిస్తోంది. జనం కేరింతలు కొడుతూ ఎవరిని వాళ్ళు దొరకపుచ్చుకున్నారు. తెర మీద చర్చి పక్క గుమ్మం దగ్గర పాతపట్నం అక్క కూడా ఉంది. ఆవిడ వరండా గుమ్మంలోంచే టీవీ చూసి, ఉన్నానులే అన్నట్టు తల ఆడించింది గానీ లోపలికి రాలేదు. అంతలో ప్రార్థన వచ్చింది. అది నాకు ప్రాణమైన షాట్. మావయ్య ఎవరి దేవుడికైనా కళ్ళు మూసేసుకునే రకం, కెమెరాని స్టాండు మీద వదిలేసి తనూ దండం పెట్టుకున్నాడు. తలవంచుకున్న ఆ జంట చుట్టూ గీత కదుపుతూ నేను ఎన్ని రోజులు కూర్చున్నానో! ఆ గీతకి అవతల ఏముందో నేనూ అప్పుడే చూస్తున్నాను.

చర్చి అంతా తలలు వంచుకుని కళ్ళు మూసుకుని ఉంది. గుమ్మం దగ్గర అక్క కూడా కొంగు నెత్తిన వేసుకుని కళ్ళు మూసుకుంది. ముందు బల్ల దగ్గర పెళ్ళికూతురి నాన్న ఒక్కడే, కళ్ళు రెండూ తెరుచుకుని, మెడ పూర్తిగా పక్కకి తిప్పి, గుమ్మం వైపే చూస్తున్నాడు. పాస్టరుగారు కొత్త దంపతుల కోసం, ఇరువైపుల వారి కోసం, వర్షాల కోసం కూడా ప్రార్థించారు. పెళ్ళికూతురి నాన్న మాత్రం చూపు తిప్పలేదు. మధ్యమధ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు, మళ్ళీ చూస్తున్నాడు. ఆమెన్ అనగానే గబుక్కున తల తిప్పేసి, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు.

పాతపట్నం అక్క ఎప్పుడు లోపలికి వచ్చిందో, సంచీ ఎక్కడ పెట్టిందో తెలీదు, టీవీ ముందు నిలబడి ఉంది. "ఒరే, పాస్టరుగారు ప్రార్థన సేస్తంటే కళ్ళు తెరిసీసుకుని నిలబడ్డావేట్రా? నీకు ఇదేనా నాను నేర్పింది?" అంది.

"కళ్ళు మూస్తే నువ్వెల్లిపోతావేమోనని, అప్పా" అన్నాడాయన. ఆ మనిషి అంత మెల్లిగా మాట్లాడగలడని ఆ ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

ఆవిడ ఆ సాయంత్రం బస్సెక్కలేదు. ప్రార్థన మళ్ళీ వెయ్యమంది, ఆయన వద్దంటున్నా వినకుండా ఇంకోసారి వేయించుకుంది. నేను సినిమాగా మార్చిన వీడియోని ఆ ఇంట్లో మరెవరూ అడగలేదు. ఇప్పుడు హైదరాబాదులో నిజం సినిమాలకే రంగులు దిద్దుతున్నాను, నా పనికి వంక పెట్టినవాళ్ళు తక్కువ. అయినా మసక వేసే ముందు వెనక వరసల్లో ఎవరున్నారో ఒక్కొక్క మొహమూ చూసుకుంటాను, ఇంత ఆలస్యమేమిటని డైరెక్టర్లు విసుక్కుంటారు. అప్పుడు గుర్తొస్తుంది, ఆ ఆదివారం ఓ మూల బిర్యానీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అంత కష్టమూ బూడిదపాలైందే అని ఒక కన్నూ, ఆ అక్కాతమ్ముళ్ళని చూసి ఇంకో కన్నూ చున్నీతో తుడుచుకున్న డైరెక్టరమ్మ. నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది ఆ పిల్ల మీద.