టిష్యూ ప్యాకెట్

సింగపూర్ సైన్స్ పార్క్‌లో నేను ప్రోగ్రాములు రాసే రోజుల్లో, రాజ్యాంగాల మీద పరిశోధన చేసే గుంటూరు అంకుల్ ఒకాయన నాతో భోజనానికి వచ్చేవారు. హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ల హాల్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడి వాడుక ప్రకారం చోటు చోప్ చేసి, అంటే మాదని ఆపి పెట్టి, దాన్ని వేలితో నిమిరేవారు.

అప్పట్లో అమెరికాలో ప్రభుత్వం చేసే అప్పుకి కాంగ్రెస్ పెట్టిన పరిమితి మీద గొడవ నడుస్తోంది.

"కాంగ్రెస్ వద్దన్నా ప్రెసిడెంట్ అప్పు తెచ్చెయ్యొచ్చుగా అంకుల్?"

"ఈ ప్యాకెట్ పక్కకి నెట్టి ఎవడైనా కూర్చోవచ్చు. ఆపేదెవర్రా? కూర్చోకపోవడమే రాజ్యాంగం."

ఆయన సింగపూర్ వదిలే రోజు, తిని లేచాక ప్యాకెట్ అక్కడే ఉండిపోయింది. బయట వాన; ఎదురుగా బస్ స్టాప్‌లో నిలబడి చూస్తున్నాం. పళ్లేలు పట్టుకున్న జనం ఆ ఖాళీ టేబుల్ చుట్టూ కలలోలాగా తిరుగుతున్నారు. నేను వెళ్లి ప్యాకెట్ తెస్తానంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీరా. ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం."

మా బస్సు వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు.