కృపామణి ఫొటో

పిడుగురాళ్లలో ఫొటో స్టూడియో నడిపే మహమూద్ ఎవరినీ నమ్మడు. ప్రింటు చేతికిచ్చేటప్పుడు కూడా మనిషి ముఖం ఒకసారి పరకాయించి చూశాకే అంచు వదులుతాడు. నెగటివ్‌లన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేశాక మళ్లీ మళ్లీ లాగి చూస్తాడు. ఒక రోజు మద్రాసు నుంచి ఫొటో ఏజెన్సీ మనిషి వచ్చాడు. సున్నపు బట్టీలో పనిచేసే కృపామణి ముఖం నిండా సున్నపు పొడితో నవ్వుతున్న ఫొటో గోడమీద చూసి అక్కడే ఆగిపోయాడు. "రేపటి వ్యాపారమంతా ఇదే భాయ్! కంపెనీలు ఇక ఫొటోలు తీయించవు, మా దగ్గరున్నవే కొనుక్కుంటాయి. ఒక్క నెగటివ్‌ను ఎంతమందికైనా అమ్మొచ్చు" అన్నాడు. "ఆమె బొమ్మ దేనిమీద ఏస్తారు? సబ్బు మీదనా, క్షయ మందు మీదనా?" అని మహమూద్ అడిగాడు. "అది కొన్నవాళ్ల ఇష్టం."

మహమూద్ అతన్ని పంపేసి, నెగటివ్ తీసుకుని బట్టీకి నడిచాడు. సంగతంతా విని కృపామణి కళ్లు చిన్నవి చేసింది. "ఇప్పుడొచ్చి చెబుతుండావంటే, ఇదివరకు ఎందరికి అమ్మావేంది అన్నా?" తననే అనుమానించిన మనిషిని మహమూద్ ఇంతవరకు చూడలేదు. నెగటివ్ ఆమె చేతిలోనే పెట్టేశాడు. ఆమె దాన్ని ఎండకెత్తి చూసింది. అందులో తెలుపు నలుపులు తారుమారు: నల్లటి ముఖం, తెల్లటి జుట్టు. "ఈ ముసల్దెవరు? నా బొమ్మ ఏడ దాచావో నిజం చెప్పు!"